తెర లేని పరికరం, చెవి చెప్పిన డిజైన్

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో రెండు ఊళ్లు. ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కర్మాగారం 2018 నుంచి అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లను, అంటే వాటి మొండేలను, తయారుచేసి పంపుతోంది. అక్కడికి దగ్గర్లోనే, జిల్లా కలెక్టరేట్ ఉన్న కొంగర కలాన్‌లో, ఒక్కొక్కటి ఐదారు గ్రాములకు మించని వస్తువు తయారవుతోంది. 2023 మే 15న అప్పటి మంత్రి కె. తారక రామారావు అక్కడ ఫాక్స్‌కాన్ ఇంటర్‌కనెక్ట్ టెక్నాలజీ ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. తొలిదశలోనే 25 వేల ఉద్యోగాలు వస్తాయని ఆనాడు ప్రకటించారు. 2025లో ఆ ప్లాంటులో యాపిల్ సంస్థ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. తీగ లేకుండా చెవిలో పెట్టుకునే ఆ ఇయర్‌బడ్లు ఇక్కణ్నుంచి విదేశాలకు వెళ్తున్నాయి.

హెలికాప్టర్ నడపాలంటే పైలట్‌కు ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. ఇయర్‌బడ్‌కు శిక్షణ ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. డబ్బీ తెరిచి చెవిలో పెట్టుకున్న మరుక్షణమే అది వాడేవారికి అర్థమైపోవాలి. దానికి తెర లేదు, అక్షరాలు లేవు, కంటికి కనిపించే మీట కూడా లేదు. పైగా ఒకసారి చెవిలోకి వెళ్లాక వాడే మనిషికి అది కనపడనే కనపడదు. చూడకుండా, చదవకుండా, వేలితోనూ చెవితోనూ మాత్రమే నడిపే పరికరాన్ని రూపొందించడం పారిశ్రామిక డిజైన్‌లో చాలా కష్టమైన పని. మన యువత ఇక్కడ రోజూ బిగిస్తున్న ఈ వస్తువులో ఏ భాగం ఎందుకు అలా ఉందో తెలుసుకుంటే, ఫోన్లూ ఇతర చేతి పరికరాలూ మనిషితో ఎలా మాట్లాడతాయో తెలుస్తుంది.

కాడ ఎందుకు?

2016 సెప్టెంబరులో యాపిల్ మొదటి ఎయిర్‌పాడ్స్‌ను ప్రకటించినప్పుడు చాలామందికి వింతగా కనిపించింది వాటి కింద వేలాడే తెల్లని కాడ. తీగ తీసేశాక కాడ మాత్రం ఎందుకు మిగిల్చారని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ కాడకు మూడు పనులున్నాయి.

మొదటిది యాంటెన్నా. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పనిచేస్తుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి తల ఆ తరంగాలను బాగా పీల్చేసుకుంటుంది. కుడి జేబులో ఫోన్, ఎడమ చెవిలో ఇయర్‌బడ్ ఉంటే సంకేతానికి మధ్యలో శరీరం మొత్తం అడ్డం. యాంటెన్నాను చెవి గుంటలో దాచే బదులు కాడలోకి దించితే అది శరీరానికి కాస్త ఎడంగా ఉంటుంది, సంకేతం తెగిపోవడం తగ్గుతుంది.

రెండోది బ్యాటరీ. మొదటి తరం ఎయిర్‌పాడ్స్‌లో పుల్లలాంటి సన్నని బ్యాటరీని కాడలోనే అమర్చారు. బరువు చెవి లోపల కాకుండా కిందికి వేలాడుతుంది కాబట్టి ఇయర్‌బడ్ తిరిగిపోకుండా నిలబడుతుంది. ఒక్కో బడ్ బరువు 4 గ్రాములు.

మూడోది మైకు. కాడ చివరన ఉన్న మైకు నోటివైపు చూస్తుంటుంది. పైన మరో మైకు ఉంటుంది. నోటి నుంచి వచ్చే మాట ముందు కింది మైకును, తర్వాత పై మైకును చేరుతుంది. రెండింటి మధ్య 3 సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి, ఆ తేడా సెకనులో పదివేల వంతు కన్నా తక్కువ. అంత చిన్న తేడాను చిప్ లెక్కగట్టి, ఆ దిశ నుంచి వచ్చిన శబ్దాన్ని పెంచి, పక్కల నుంచి వచ్చే బస్సు హారన్లను తగ్గిస్తుంది. కాడ మరీ పొట్టిదైతే ఆ తేడా ఇంకా తగ్గి, దిశను పట్టుకోవడం కష్టమవుతుంది.

యాంటెన్నా, బ్యాటరీ, మైకు కలిసి ఆ ఆకారాన్ని నిర్ణయించాయి. 2019లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రోలో బ్యాటరీ చెవి భాగంలోకి మారింది, కాడ పొట్టిదైంది. అయినా పూర్తిగా పోలేదు. ఎందుకంటే అప్పటికి దానికి నాలుగో పని దొరికింది. అది వేళ్లకు పట్టు.

తట్టాలా, నొక్కాలా, నిమరాలా?

మొదటి ఎయిర్‌పాడ్స్‌ను వేలితో రెండుసార్లు తట్టాలి. లోపల ఉన్న యాక్సిలరోమీటర్ ఆ కుదుపును గుర్తించి ఫోన్‌కు చెప్పేది. పద్ధతి తేలికే, కానీ చెవిలో ఉన్న వస్తువును తట్టితే అది ఇంకాస్త లోపలికి దిగుతుంది, ఆ చప్పుడు నేరుగా కర్ణభేరికి చేరుతుంది. ఒకటికి రెండుసార్లు తడితే మనిషికి చిరాకు. పైగా కుదుపు అనే ఒక్క సంకేతంతో ఎన్నో ఆజ్ఞలు ఇవ్వడం సాధ్యం కాదు. శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా ఫోన్ బయటికి తీయాలి, లేదా యాపిల్ వాయిస్ అసిస్టెంట్ సిరిని పిలిచి నోటితో చెప్పాలి.

2019లో డిజైనర్లు తట్టడం మానేసి పిండడం తెచ్చారు. కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా నొక్కాలి. రెండు వేళ్ల బలం ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తుంది కాబట్టి చెవి మీద ఒత్తిడి పడదు. ఒకసారి నొక్కితే పాట ఆగుతుంది, రెండుసార్లకు తర్వాతి పాట, మూడుసార్లకు వెనకటి పాట. నొక్కి పట్టుకుంటే బయటి శబ్దాన్ని ఆపే తీరు మారుతుంది. తలకు గుడ్డ చుట్టుకున్నా, చలికి చేతితొడుగు వేసుకున్నా పనిచేస్తుంది, ఎందుకంటే అది చూసేది ఒత్తిడిని.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆ కాడలో కదిలే మీట లేదు. ఒత్తిడిని కొలిచే సెన్సర్ మాత్రమే ఉంది. అయినా నొక్కినప్పుడు టిక్కుమన్న శబ్దం వినిపిస్తుంది. అది స్పీకర్ వినిపించే కృత్రిమ శబ్దం. స్పీకర్ చెవిలోనే ఉంది కాబట్టి, నిజంగా మీట నొక్కామనే మెదడు నమ్ముతుంది. మనిషి ఏ పని చేసినా దానికి బదులు రావాలి, లేకపోతే పని జరిగిందో లేదోనని మళ్లీ నొక్కుతాడు. ఫోన్ తెర మీద అక్షరం నొక్కినప్పుడు వచ్చే చిన్న వణుకూ అలాంటి బదులే. మన చర్మం లోతుల్లో ఉండే పసీనియన్ కణికలు సెకనుకు సుమారు 250 కంపనాల దగ్గర అతి చురుగ్గా స్పందిస్తాయి. అందుకే ఫోన్లలోని వైబ్రేషన్ మోటార్లను ఆ పరిసరాల్లో కంపించేలా తయారుచేస్తారు.

ఇక శబ్దం పెంచడం. అది ఒక్క నొక్కుతో చెప్పగలిగేది కాదు, ఎంత పెంచాలో కూడా చెప్పాలి. 2022లో వచ్చిన రెండో తరం ప్రోలో కాడను వేలితో పైకి నిమిరితే శబ్దం పెరిగేలా, కిందికి నిమిరితే తగ్గేలా చేశారు. ఇక్కడ పనిచేసేది ఫోన్ తెర సూత్రమే. మన వేలిలో నీరు, లవణాలు ఉంటాయి కాబట్టి అది విద్యుత్‌వాహకం. సెన్సర్ సృష్టించిన విద్యుత్ క్షేత్రం దగ్గరికి వేలు రాగానే కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పు ఎటు జరుగుతోందో చూస్తే వేలి దారి తెలుస్తుంది. బ్రిటన్‌లో ఇ.ఎ. జాన్సన్ 1965లో వివరించిన స్పర్శ తెర ఈ కోవలోదే. 2007లో ఐఫోన్ దాన్ని కోట్లాది జేబుల్లోకి తెచ్చింది. తట్టడం నుంచి నిమరడం దాకా రావడానికి 2016 నుంచి 2022 వరకు ఆరేళ్లు పట్టింది. చిన్న వస్తువు మీద ఒక్క అలవాటు కుదరాలంటే అంత పని ఉంటుంది.

ఎవరి చెవి కొలత?

చెవిదొప్ప మడతలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. ఒకే మనిషి కుడి, ఎడమ చెవులకూ తేడా ఉంటుంది. చెవి రంధ్రం ముందున్న చిన్న మృదులాస్థి మిట్ట, దానికి ఎదురుగా కింద ఉన్న మరో మిట్ట, వాటి మధ్య సందు, ఇవే ఇయర్‌బడ్‌ను పట్టి ఉంచుతాయి. ఆ సందు ఇరుకైతే నొప్పి పుడుతుంది, వెడల్పయితే బడ్ జారిపడుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, వీలైనంత ఎక్కువమందికి సరిపోయే ఒకే గట్టి ఆకారాన్ని వెతకడం. మామూలు ఎయిర్‌పాడ్స్ ఆ దారిలో వెళ్లాయి. రెండోది, వేర్వేరు సైజుల మెత్తని సిలికాన్ టోపీలు ఇవ్వడం. 2019 ప్రోతో మూడు సైజులు వచ్చాయి. 2022లో ఇంకా చిన్న సైజు చేరింది. 2025 నాటి మూడో తరం ప్రోకు ఐదు సైజులయ్యాయి. కొత్త సైజు వచ్చిన ప్రతిసారీ, అప్పటిదాకా సరిపోని చెవులున్న మనుషులు కొందరు లెక్కలోకి వచ్చారన్నమాట.

సిలికాన్ టోపీ చెవిని మూసేస్తే కొత్త ఇబ్బంది మొదలవుతుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు ఎముకల గుండా చెవి నాళంలోకి చేరుతుంది. మామూలుగా అది బయటికి పోతుంది. దారి మూసుకుపోతే లోపలే తిరుగుతూ, బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. అందుకని ప్రోలో గాలి ఆడే సన్నని దారి పెట్టి లోపలి ఒత్తిడిని బయటితో సమం చేశారు. చెవి దిబ్బడగా అనిపించకపోవడానికి కారణం ఆ చిన్న సందే.

చెవిలో ఉన్నట్టు దానికెలా తెలుసు?

చెవిలోంచి ఒక బడ్ తీయగానే పాట ఆగిపోతుంది. మనం ఏ మీటా నొక్కలేదు. ఎదుటి మనిషి పలకరిస్తే బడ్ తీయడం సహజమైన కదలిక, ఆ కదలికనే పరికరం ఆజ్ఞగా తీసుకుంది. మనిషి ఎలాగూ చేసే పనిని సంకేతంగా వాడుకోవడం మంచి ఇంటరాక్షన్ డిజైన్‌కు గుర్తు.

మొదటి ఎయిర్‌పాడ్స్ దీనికోసం కంటికి కనిపించని పరారుణ కాంతిని వాడేవి. దగ్గరలో ఏదైనా ఉంటే కాంతి తిరిగి వస్తుంది, అప్పుడు చెవిలో ఉన్నట్టు లెక్క. కానీ జేబు గుడ్డకు తగిలినా కాంతి తిరిగొస్తుంది, అరచేతిలో ఉన్నా అంతే. 2021లో మూడో తరం మామూలు ఎయిర్‌పాడ్స్‌లో చర్మాన్ని గుర్తించే సెన్సర్ వచ్చింది. చర్మంలోని నీరు కొన్ని పరారుణ తరంగదైర్ఘ్యాలను ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా పీల్చుకుంటుంది. గుడ్డకు, బల్లకు ఆ తీరు ఉండదు. ఆ తేడాను కొలిస్తే తగిలింది చర్మమో కాదో తేలుతుంది.

శబ్దంతో శబ్దాన్ని ఆపడం

ప్రో రకాల్లో బయటి రొదను ఆపే ఏర్పాటు ఉంది. బయటి మైకు శబ్ద తరంగాన్ని విని, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని స్పీకర్ ద్వారా పంపిస్తుంది. ఒకదాని శిఖరం, రెండోదాని లోయ కలిసి రద్దవుతాయి. చెవివైపున్న మరో మైకు మిగిలిపోయిన శబ్దాన్ని విని సరిచేస్తుంది. 2019 ప్రోలో ఈ సవరణ సెకనుకు 200 సార్లు జరుగుతుందని యాపిల్ చెప్పింది.

బస్సు ఇంజను గురగుర బాగా ఆగుతుంది, పసిపిల్లల ఏడుపు అంతగా ఆగదు. కారణం తరంగం పొడవు. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. చెవి నాళం పొడవు రెండున్నర సెంటీమీటర్లే, కాబట్టి లెక్కలో కాస్త అటూఇటూ అయినా రద్దు కుదురుతుంది. 3,400 హెర్ట్జ్ శబ్దం పొడవు 10 సెంటీమీటర్లే. అక్కడ ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా శిఖరం, లోయ తప్పిపోతాయి. అలాంటి పదునైన శబ్దాలను ఆపాల్సింది చెవిలో బిగుతుగా కూర్చున్న సిలికాన్ టోపీయే.

బయటి శబ్దాన్ని ఆపడం ఎంత ముఖ్యమో, కావలసినప్పుడు లోపలికి రానివ్వడం అంతే ముఖ్యం. నాగార్జునసాగర్ రోడ్డు మీద నడిచే మనిషికి వెనక వస్తున్న లారీ వినపడి తీరాలి. అందుకే బయటి మైకు విన్నదాన్ని యథాతథంగా వినిపించే పద్ధతినీ అందులోనే పెట్టారు. ఆ పద్ధతిని పెంచుకుంటూ వెళ్తే వినికిడి యంత్రం అవుతుంది. 2024 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ రెండో తరం ప్రోకు వినికిడి సాయపు సాఫ్ట్‌వేర్‌ను అనుమతించింది. స్వల్ప, మధ్యస్థ వినికిడి లోపం ఉన్న పెద్దలకు అది ఉద్దేశించింది. చెవిలో యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతోమంది. అందరి చెవుల్లోనూ ఉండే వస్తువే సాయం చేస్తే ఆ మొహమాటానికి చోటుండదు. అదే వస్తువు చెవిని పాడుచేయగలదు కూడా. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక.

బొటనవేలి లెక్క

ఫోన్ దగ్గరికి వస్తే చెవి స్థానంలో బొటనవేలు ఉంటుంది. 1954లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ ఒక నియమం కనిపెట్టాడు. చేయి ఒక లక్ష్యాన్ని చేరే సమయం, ఆ లక్ష్యం దూరమైనకొద్దీ పెరుగుతుంది, వెడల్పయినకొద్దీ తగ్గుతుంది. తెర మీద మీట ఎంత పెద్దదిగా ఉండాలి, ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నలకు ఇప్పటికీ ఇదే ఆధారం. తాకే మీట సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

2013లో స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ బహిరంగ ప్రదేశాల్లో 1,333 మంది ఫోన్ వాడే తీరు గమనించాడు. తెరను తాకుతూ వాడుతున్నవారిలో 49 శాతం మంది ఒక్క చేత్తోనే వాడుతున్నారు. మొదటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలు, 2014 నాటి పెద్ద రకం ఐదున్నర. బొటనవేలు మాత్రం పెరగలేదు. అందుకే ఒకప్పుడు తెర పైభాగంలో ఉన్న మీటలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒక చేత్తో బస్సు రాడ్డు పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూసుకునే ప్రయాణికుడికి ఆ మార్పే అసలైన సౌకర్యం.

తెలుగు టైపింగ్‌లో ఫిట్స్ నియమం ఇంకా బలంగా పనిచేస్తుంది. యాభైకి పైగా అక్షరాలు, వాటికి గుణింతాలు, వత్తులు. ఇంగ్లిష్ కీబోర్డంత చోటులో వాటన్నిటినీ పరిస్తే ఒక్కో మీట చిన్నదైపోతుంది, వేలు తప్పుతుంది. ఐఐటీ బాంబేలో రూపొందిన స్వరచక్ర కీబోర్డు దీనికి చక్కని ఉపాయం చూపింది. హల్లు మీద వేలు పెట్టగానే దాని చుట్టూ గుణింతం చక్రంలా విచ్చుకుంటుంది. కావలసిన అచ్చువైపు వేలిని కొద్దిగా జరిపితే చాలు. దూరం తక్కువ, దిశ మాత్రమే గుర్తుండాలి. మన లిపి నిర్మాణాన్నే ఆధారం చేసుకుని కట్టిన ఇంటరాక్షన్ అది.

దుమ్ము, చెమట, మాట

వాడే చోటు వస్తువును మార్చగలదనడానికి 2003లో వచ్చిన నోకియా 1100 సాక్ష్యం. భారత్ వంటి దేశాల కోసం రూపొందించిన ఆ ఫోన్‌లో దుమ్ము చేరకుండా మీటలన్నీ కలిపి ఒకే రబ్బరు పొరగా చేశారు. చెమట చేతుల్లో జారకుండా పక్కలను గరుకుగా ఉంచారు. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేలా టార్చ్ పెట్టారు. 25 కోట్లకు పైగా అమ్ముడైంది. రాత్రి మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతు అవసరం, ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైన ఫోన్లలో ఒకదానికి రూపమిచ్చింది.

ఇప్పటి పరికరాల మీద ఐపీ54 వంటి గుర్తులు కనిపిస్తాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 5 అంటే దుమ్ము కొద్దిగా చేరినా పని చెడదు, 4 అంటే ఏ వైపు నుంచి నీరు చిందినా తట్టుకుంటుంది. మే నెల ఎండలో హెల్మెట్ కింద కారే చెమటకూ, కంకర లారీలు లేపే దుమ్ముకూ ఆ అంకెలు సరిపోతాయా అని అడగాల్సింది ఇక్కడి వాళ్లే.

మాట సంగతి కూడా అంతే. చేతులకు మట్టి ఉన్నప్పుడు, బండి నడుపుతున్నప్పుడు నోటి ఆజ్ఞే దారి. మనం మాట్లాడేటప్పుడు తెలుగు, ఇంగ్లిష్ కలిసిపోతాయి. 2024లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18తో సిరి, భారతీయ ఇంగ్లిష్‌తో తెలుగు సహా తొమ్మిది భాషలను కలిపి అడిగినా అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. ఇది మంచి అడుగు. అయితే తెలుగులో ఒకే క్రియకు ప్రత్యయాలు చేరి వందల రూపాలవుతాయి, యాస మారితే ఆ రూపాలూ మారతాయి. ఇబ్రహీంపట్నం సంతలో వినిపించే తెలుగు పరికరానికి అర్థం కావాలంటే, ఆ తెలుగును విని నేర్పేవాళ్లు కావాలి.

విప్పలేని డిజైన్

మెచ్చుకోవలసినవి ఇన్ని ఉన్నా ఒక పెద్ద లోపాన్ని దాటిపోకూడదు. మరమ్మతుకు వీలున్న మేరకు పరికరాలకు మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ ఎయిర్‌పాడ్స్‌కు పదికి సున్నా ఇచ్చింది. లోపలి భాగాలను జిగురుతో అతికించారు, పగలగొట్టకుండా బ్యాటరీని బయటికి తీయలేం. లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జ్ అయిన ప్రతిసారీ కొంత శక్తి కోల్పోతుంది. చిన్న బ్యాటరీ రోజూ ఛార్జ్ అవుతుంటే కొన్నేళ్లకే నీరసిస్తుంది. స్పీకరు బాగున్నా, మైకులు బాగున్నా వస్తువు మూలన పడుతుంది. 2023లో ఐరోపా సమాఖ్య చేసిన చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి చేతి పరికరాల బ్యాటరీలు చాలావరకు వాడుకరే మార్చుకోగలిగేలా ఉండాలి. ప్రతి చిన్న ఊళ్లోనూ సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉన్న దేశం మనది. విప్పి సరిచేసే నైపుణ్యం మన వీధుల్లోనే ఉంది. ఆ నైపుణ్యాన్ని గౌరవించే డిజైన్ కావాలని అడిగే హక్కు మనకు మరీ ఎక్కువ.

బిగించే చోటే గీయాలి

2023 మార్చి 2న హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. ఆలోచనను నమూనా వస్తువుగా మార్చుకునే యంత్రాలన్నీ ఒక చోట ఉన్న కేంద్రమది. దాన్ని ప్రారంభించినవారిలో ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియూ ఉన్నారు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలు వరసగా ఉన్నాయి. ఇప్పుడు కొంగర కలాన్‌లో తయారీ కూడా ఉంది. మిల్లీమీటరులో పదో వంతు తప్పు కూడా పట్టుకునే చేతులు, రోజుకు వేల బడ్లను పరీక్షించే కళ్లు ఈ మండలంలో తయారవుతున్నాయి. ఆ అనుభవం గొప్పది. ఏ అతుకు బలహీనమో, ఏ సందులో దుమ్ము చేరుతుందో గీసినవాళ్ల కన్నా ముందు బిగించేవాళ్లకే తెలుస్తుంది.

తయారీ ఒక ఒప్పందంతో వస్తుంది, ఇంకో ఒప్పందంతో వేరే ఊరికి పోవచ్చు. కాడ పొడవు ఎంత, చెవి సైజులు ఎన్ని, నొక్కాలా నిమరాలా అని నిర్ణయించే జ్ఞానం మాత్రం సంపాదించినవాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని సంపాదించే దారి ఖరీదైనదేమీ కాదు. కళాశాల విద్యార్థులు తమ ఊరి పెద్దల, పిల్లల, కూలీల చెవుల కొలతలు వారి అనుమతితో సేకరించవచ్చు. బస్సుల్లో, పొలాల్లో, కర్మాగారం గేటు దగ్గర మనుషులు ఫోన్‌ను ఎలా పట్టుకుంటున్నారో హూబర్ లాగే గమనించి రాసుకోవచ్చు. రిపేరు కొట్లలో ఏ భాగం ముందు చెడుతోందో అడగవచ్చు. ఎయిర్‌పాడ్స్ డిజైన్ మొదలైంది కూడా అలాంటి కొలతల నుంచీ గమనింపుల నుంచీనే. ప్రపంచం చెవుల కోసం ఇక్కడ వస్తువు తయారవుతోంది. మన చెవులను, మన వేళ్లను, మన మాటను కొలిచి ప్రపంచానికి కొత్త వస్తువు గీసి ఇచ్చే పని కూడా ఈ జిల్లాలోనే మొదలుకావాలి. అందుకు కావలసిన చదువు, యంత్రాలు, చేతులు ఇప్పటికే ఇక్కడ ఉన్నాయి.